ఎలుకకు చెలగాటం... పిల్లికి ప్రాణసంకటం!

మాటలు లేవు, నీతులు లేవు, ఏడుపులు అసలే లేవు. ఒక పిల్లి, ఒక ఎలుక, ఒక ఇల్లు. 1940లో మొదలైన ఈ తగువు ఇవాళ్టికీ మామ్మనీ మనవణ్ణీ ఒకే చాపమీద కూర్చోబెట్టి నవ్విస్తోంది. ఏమిటా కిటుకు? పిల్లలకు చూపించవచ్చా? ఆ బొమ్మల వెనక ఉన్న ఆడవాళ్ళెవరు? రండి, తెలుసుకుందాం.

సాయంత్రం ఆరు గంటలు. మీరు వంటింట్లో వంకాయలు తరుగుతున్నారు. పొయ్యిమీద పప్పు ఉడుకుతోంది. ఇంతలో ముందుగదిలోంచి దబ్బున ఒక చప్పుడు, వెంటనే గిన్నెలు దొర్లిన మోత! గుండె గుభేలుమని కత్తిపీట వదిలేసి పరుగెత్తారు. తీరా చూస్తే ఇంట్లో విరిగిందేమీ లేదు. టీవీలో ఒక పిల్లి గోడకు గుద్దుకుని అప్పడంలా అతుక్కుపోయింది. మీ చిన్నాడు నేలమీద పడి దొర్లుతూ నవ్వుతున్నాడు.

సరే, వాడంటే పసివాడు. మరి వాడి పక్కన కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నదెవరు? పొద్దున్నే "ఆ పాడు టీవీ కట్టెయ్యండిరా" అని కేకలేసిన మీ అత్తగారే! ఆఫీసు నుంచి వచ్చిన మీవారు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయారు. మీరు కూడా "ఒక్క నిమిషం చూద్దాం" అనుకున్నారు. ఈలోగా పప్పు అడుగంటింది. ఔనా?

ఇదీ టామ్ అండ్ జెర్రీ మహిమ. మన దేశంలో కార్టూన్ నెట్‌వర్క్ చానెల్ 1995 మే 1న మొదలైంది. కేబుల్ వైరు వచ్చిన ప్రతి ఇంట్లోకీ ఆ వైరు వెంటే ఈ పిల్లీ, ఎలుకా దూరాయి. అప్పుడు రెండు జడలు వేసుకుని టీవీ ముందు కూర్చున్న ఆడపిల్లలే ఇవాళ తల్లులయ్యారు. తమ పిల్లల పక్కన కూర్చుని అవే బొమ్మలు మళ్ళీ చూస్తున్నారు. ఎన్నిసార్లు చూసినా ఆ పిల్లి గోడకు గుద్దుకోవడం ఖాయమే, మనం నవ్వడం కూడా ఖాయమే!

ఒక ఉత్తరం ముక్క చేసిన పని

ఈ బొమ్మల కథ మొదలైంది అమెరికాలో, హాలీవుడ్‌లో. ఎం.జి.ఎం. సినిమా కంపెనీ కార్టూన్ విభాగంలో విలియం హానా, జోసెఫ్ బార్బెరా అనే ఇద్దరు కుర్రాళ్ళు పనిచేసేవారు. హానా ఇంజనీరింగు చదువు మధ్యలో మానేసినవాడు. బార్బెరా బ్యాంకులో ఉద్యోగం చేస్తూ పత్రికలకు కార్టూన్లు అమ్ముకున్నవాడు. ఇద్దరూ ఎదురెదురుగా బల్లలు వేసుకుని ఒక కథ అల్లారు. పిల్లీ, ఎలుకా కథ! "ఇందులో కొత్తేముంది? అరిగిపోయిన కథేగా" అన్నవాళ్ళే ఎక్కువ.

1940 ఫిబ్రవరిలో 'పస్ గెట్స్ ది బూట్' అన్న పేరుతో ఆ మొదటి చిత్రం విడుదలైంది. అప్పటికి పిల్లి పేరు టామ్ కాదు, జాస్పర్. ఆ కథ వింటే ఇల్లు చక్కబెట్టుకునే వాళ్ళెవరికైనా నవ్వాగదు. ఇంటి పనిమనిషి పిల్లికి ఆఖరి హెచ్చరిక ఇస్తుంది. ఇంకొక్క వస్తువు పగిలిందంటే బయటికి గెంటేస్తానంటుంది. ఆ మాట ఎలుక చెవిన పడుతుంది. ఇంకేం! అది బల్ల ఎక్కి ఒక గాజుగ్లాసును అంచుదాకా తెచ్చి పట్టుకుంటుంది. "వస్తావా? రా మరి, వదిలేస్తా" అన్నట్టు చూస్తుంది. పాపం ఆ పిల్లి ఎలుకను పట్టుకోవడం మానేసి గ్లాసులూ ప్లేట్లూ పట్టుకోవడంలో పడుతుంది. చివరికి సామానంతా భళ్ళున పగులుతుంది, పిల్లి వీధిలో పడుతుంది. ఎలుక మాత్రం దర్జాగా తన కన్నంలోకి వెళ్ళిపోతుంది.

'పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం' అని మన సామెత. దాన్ని ఆ ఇద్దరు కుర్రాళ్ళు ఇలా తిరగేశారన్నమాట. నవ్వంతా ఆ తిరగెయ్యడంలోనే ఉంది.

చిత్రం ఆస్కార్ బహుమతి పోటీదాకా వెళ్ళింది. అయినా కంపెనీ పెద్దలకు నమ్మకం కుదరలేదు. పిల్లీ ఎలుకల్ని పక్కనపెట్టి వేరే ఏదన్నా చూడమన్నారు. సరిగ్గా ఆ సమయంలో టెక్సాస్ రాష్ట్రం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. సినిమా హాళ్ళ వ్యాపారంలో పేరున్న బెస్సా షార్ట్ అనే ఆవిడ రాసిన ఉత్తరం. ఆ పిల్లీ ఎలుకల చిత్రాలు మళ్ళీ ఎప్పుడొస్తాయని అడిగిందావిడ. అంతే! పక్కన పెట్టిన బొమ్మలు మళ్ళీ బల్లమీదికొచ్చాయి. స్టూడియోలో పేర్ల పోటీ పెట్టారు. జాన్ కార్ అనే చిత్రకారుడు టామ్, జెర్రీ అన్న పేర్లు సూచించి 50 డాలర్లు గెలుచుకున్నాడు. 1941లో వచ్చిన రెండో చిత్రం నుంచి ఆ పేర్లే నిలిచిపోయాయి.

చూశారా, ఒక స్త్రీ రాసిన చిన్న ఉత్తరం లేకపోతే ఈ నవ్వు మన ఇంటిదాకా వచ్చేదే కాదేమో! "మనం రాస్తే ఎవరు పట్టించుకుంటారులే" అని కలం పక్కన పెట్టేసేవాళ్ళు ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోవాలి.

మాటలు లేకపోవడమే వరం

మీ అత్తగారికి ఇంగ్లీషు రాదు. మీ రెండేళ్ళ పాపకు తెలుగే ఇంకా సరిగా రాదు. మీ మామగారికి చెవులు కాస్త మందం. అయినా ముగ్గురికీ కథ అర్థమైపోతుంది. ఎందుకంటే టామ్, జెర్రీలు దాదాపుగా మాట్లాడరు. జెర్రీ కనుబొమ్మ ఎగరేస్తే "ఏం చేస్తావోయ్" అని అర్థం. టామ్ చెవులు వాలిపోతే "నా ఖర్మ" అని అర్థం. ఇంతకంటే ఏం చెప్పాలి?

టామ్ దెబ్బ తిన్నప్పుడు పెట్టే ఆ గావుకేక ఉంది చూడండి, అది మాత్రం విలియం హానా సొంత గొంతు. స్వయంగా మైకు ముందు నిలబడి అరిచేవాడట దర్శకుడు!

మాటలు చెయ్యాల్సిన పనంతా సంగీతం చేసింది. దాదాపు అన్ని చిత్రాలకూ సంగీతం సమకూర్చినవాడు స్కాట్ బ్రాడ్లీ. జెర్రీ మునివేళ్ళమీద నడిస్తే వాద్యాలు కూడా మునివేళ్ళమీద నడుస్తాయి. టామ్ మెట్లమీంచి దొర్లితే స్వరాలు కూడా అతనితోపాటే దొర్లుతాయి. దెబ్బ పడేముందు ఒక్క క్షణం అన్నీ ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలోనే మనం ఊపిరి బిగబడతాం. ఈసారి మీరు వంటింట్లో ఉన్నప్పుడు తెర చూడకుండా ఊరికే విని చూడండి. ఎవరు ఎవర్ని తరుముతున్నారో చెవులకే తెలిసిపోతుంది.

దీనికి పట్టిన శ్రమ సామాన్యమైంది కాదు. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తిరుగుతుంది. ఒక్కో చిత్రం నిడివి సుమారు 7 నిమిషాలు. లెక్క వేస్తే పదివేల పైచిలుకు ఫ్రేములు! కంప్యూటర్లు లేని రోజులవి. చిత్రకారులు కాగితంమీద పెన్సిలుతో బొమ్మ గీసేవారు. దాన్ని పారదర్శకంగా ఉండే సెల్యులాయిడ్ షీటుమీద సిరాతో దిద్దేవారు. తర్వాత షీటు వెనకవైపు రంగు నింపేవారు. గీత చెదరకూడదు, రంగు పొంగకూడదు, చెయ్యి వణకకూడదు. ఆ కాలంలో హాలీవుడ్ కార్టూన్ స్టూడియోల్లో ఈ దిద్దే పనీ, రంగులేసే పనీ చేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. కానీ తెరమీద వాళ్ళ పేర్లు పడేవి కావు. పండుగనాడు తెల్లవారుజామున లేచి వాకిలి నిండా ముగ్గు వేసినవాళ్ళ పేరు ఎవరడుగుతారు చెప్పండి? అలాగే ఇదీను.

ఆ ఇల్లు మన ఇల్లే

ఇంకో సంగతి గమనించారా? ఈ యుద్ధానికి కోటలూ, అడవులూ అక్కర్లేదు. జరిగేదంతా చాలాసార్లు ఒక మామూలు ఇంట్లోనే. ఆయుధాలు చూడండి... పెనం, చీపురు, ఇస్త్రీపెట్టె, ఫ్రిజ్ తలుపు, కిటికీ పరదా, వంటగది అరల్లో పేర్చిన ప్లేట్లు! మనం రోజూ ముట్టుకునే వస్తువులే. అందుకే మగవాళ్ళకంటే మనకి ఎక్కువ నవ్వొస్తుంది. నవ్వుతోపాటు "అయ్యో, ఆ సామానంతా ఇప్పుడెవరు సర్దుతారు?" అన్న బెంగ కూడా వస్తుంది!

ఏ వయసువాళ్ళు ఎవరి పక్షమో చూస్తే ఇంకా సరదాగా ఉంటుంది. చిన్నపిల్లలంతా జెర్రీ పార్టీ. వాళ్ళూ చిన్నవాళ్ళేగా! రోజంతా "అది ముట్టుకోకు, ఇటు రాకు, అక్కడ కూర్చో" అని పెద్దవాళ్ళచేత అనిపించుకునే ప్రాణాలు. తమంత చిన్నది తమకంటే పదింతలున్నదాన్ని బోల్తా కొట్టిస్తుంటే ఎగిరి గంతెయ్యరూ?

కానీ వయసు వచ్చేకొద్దీ మనసు మెల్లగా టామ్ వైపు జరుగుతుంది. మీకూ జరిగే ఉంటుంది. పాపం, వాడు చేస్తున్నదేమిటి? వాడి ఉద్యోగం వాడు చేస్తున్నాడు. ఎలుకను పట్టకపోతే యజమానురాలు ఊరుకోదు. పడదామంటే ఎలుక ఊరుకోదు. నడుమ స్పైక్ అనే బుల్‌డాగ్ ఒకడు. ఎంతో ఆలోచించి పథకం వేస్తే, ఆఖరి నిమిషంలో అంతా తలకిందులు. ఇల్లలకగానే పండగ కాదని టామ్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయినా మర్నాడు మళ్ళీ కొత్త పథకంతో తయారు! నెలాఖరు ఖర్చులతో కుస్తీపట్టే ఏ సంసారికైనా టామ్ ముఖంలో తన ముఖం కనబడుతుంది.

ఒకే చిత్రాన్ని ఎనిమిదేళ్ళప్పుడు జెర్రీవైపు నుంచీ, ముప్పై ఎనిమిదేళ్ళప్పుడు టామ్‌వైపు నుంచీ చూస్తాం. అన్ని వయసులవాళ్ళకూ నచ్చడానికి అసలు కారణం ఇదే.

ముఖం చూపించని ఆవిడ

తొలినాళ్ళ చిత్రాల్లో ఆ ఇంట్లో ఒక స్త్రీ కనిపిస్తుంది. కనిపిస్తుంది అంటే పూర్తిగా కాదు. చెప్పులేసుకున్న పాదాలు, మేజోళ్ళు, గౌను అంచు, చేతిలో చీపురు... అంతే. ముఖం ఉండదు. ఇల్లు ఊడ్చేది ఆవిడ, వండేది ఆవిడ, పిల్లిని కేకలేసేది ఆవిడ. 1940లోని మొదటి చిత్రం నుంచి 1952దాకా ఈ పాత్ర వచ్చింది. 1950లో వచ్చిన ఒక చిత్రంలో మాత్రం పరుగెత్తుతున్నప్పుడు ముఖం తళుక్కున మెరిసి మాయమవుతుంది.

చిన్నప్పుడు మనం దీన్ని పట్టించుకోలేదు. ఎలుక ఎత్తులోంచి చూస్తే పాదాలే కనిపిస్తాయిలే అనుకున్నాం. కానీ దీని వెనక చేదు నిజం ఒకటుంది. ఆవిడ నల్లజాతి పనిమనిషి. ఆ రోజుల్లో అమెరికా సినిమాలు నల్లజాతి స్త్రీలను ఎప్పుడూ లావుగా, యాసతో, వంటింటికే పరిమితమైనట్టు చూపించి నవ్వించేవి. ఈ పాత్ర కూడా ఆ అచ్చులో పోసిందే. విమర్శలు వచ్చాయి, రావలసినవే. 1960లలో టీవీలో వేసేటప్పుడు కొన్ని చిత్రాల్లో ఆ బొమ్మనే మార్చి గీశారు, గొంతూ మార్చారు. తర్వాతి కాలంలో డీవీడీలుగా తెచ్చినప్పుడు వార్నర్ సంస్థ, ఇటువంటి చిత్రణలు అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అని ముందుమాట చేర్చింది.

ఆ పాత్రకు గొంతు ఇచ్చిన నటి లిలియన్ రాండాల్ఫ్. రేడియోలో, సినిమాల్లో అనుభవమున్న కళాకారిణి. ఆమె పేరు ఆ చిత్రాల టైటిల్స్‌లో ఉండేది కాదు. ఏడు నిమిషాల చిత్రంలో ఆ ఇంట్లో నిజంగా పనిచేసే మనిషి ఆవిడొక్కతే. ముఖం లేనిది కూడా ఆవిడొక్కతే! పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక ఈ సంగతి వాళ్ళతో మాట్లాడండి. "ఆవిడ ముఖం ఎందుకు చూపించలేదమ్మా?" అని వాళ్ళే అడిగితే మరీ మంచిది. నచ్చిన దాంట్లోనూ తప్పుంటే తప్పు అని చెప్పడం పిల్లలు నేర్చుకోవద్దూ?

కొట్టుకోవడం పిల్లలకు చూపించవచ్చా?

తల్లులందరికీ వచ్చే సందేహమే ఇది. పెనంతో కొట్టడాలు, తోకకు నిప్పంటించడాలు, బాంబులు... ఇదేం వినోదం అనిపిస్తుంది. నిజమే. అయితే ఒకటి గమనించండి. టామ్ అప్పడంలా అతుక్కుపోతాడు, సన్నాయిలా సాగుతాడు, పింగాణీ ముక్కల్లా పగులుతాడు. మరుక్షణంలో మళ్ళీ మామూలే. నెత్తురు కనిపించదు. నాలుగైదేళ్ళు దాటిన పిల్లలకు ఇది ఉత్తుత్తిదని తెలుస్తూనే ఉంటుంది. మరీ పసివాళ్ళకు మాత్రం ఏది ఆటో, ఏది నిజమో తెలియదు. అందుకని కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే సరిపోతుంది.

- మొదట్లో పిల్లల్ని ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చుని "నిజంగా అయితే కాలిపోతుంది నాన్నా, ఇది బొమ్మ కాబట్టి లేచాడు" అని ఒక్క మాట అనండి. ఇస్త్రీపెట్టె, కరెంటు ప్లగ్గు, పొయ్యి కనిపించినప్పుడు తప్పకుండా అనండి.

- ఇంట్లో పిల్లో, కుక్కపిల్లో ఉంటే దాని తోక లాగకూడదని ముందే చెప్పండి. అది టామ్ కాదు, గీరేస్తుంది!

- అన్నం తినిపించడానికి దీన్ని ఎర చెయ్యకండి. ముద్దకో బొమ్మ అలవాటైతే బొమ్మ లేనిదే ముద్ద దిగదు.

- "రెండు బొమ్మలు, తర్వాత టీవీ బంద్" అని ముందే లెక్క చెప్పండి. ఒక్కోటి ఏడు నిమిషాలే కాబట్టి ఈ లెక్క పిల్లలకూ తెలుస్తుంది, పేచీ తగ్గుతుంది.

- ఫోన్ చేతికిచ్చి వెళ్ళిపోతే ఒకదాని తర్వాత ఒకటి అదే వచ్చేస్తుంటుంది. పైగా పేరూ, బొమ్మా ఇవే పెట్టి ఎవరెవరో తయారుచేసిన పిచ్చి వీడియోలు కూడా మధ్యలో దూరతాయి. ఏది నడుస్తోందో ఓ కన్నేసి ఉంచండి.

- 1956లో వచ్చిన 'బ్లూ క్యాట్ బ్లూస్' మాత్రం చిన్నపిల్లలకు వద్దు. ప్రేమలో ఓడిపోయిన టామ్ రైలుపట్టాల మీద కూర్చునే విషాద కథ అది. నవ్వుల్లో నవ్వుగా కలిపి చూపించదగ్గది కాదు.

తగువులోనే ఉంది నేస్తం

1975లో టీవీ కోసం కొత్త టామ్ అండ్ జెర్రీ తయారైంది. అప్పటికి పిల్లల కార్యక్రమాల్లో కొట్లాటలు ఉండకూడదన్న ఒత్తిడి ఎక్కువైంది. అందుకని ఇద్దరినీ ప్రాణస్నేహితుల్ని చేసేశారు. భుజాలమీద చేతులేసుకుని తిరిగారు. ఏమైంది? ఉప్పులేని పప్పయింది! 1992లో పెద్ద సినిమా తీసి ఇద్దరిచేతా మాట్లాడించారు, పాడించారు కూడా. అదీ జనానికి పట్టలేదు. తగువు తీసేస్తే రుచి పోయింది, మాటలు పెడితే అందం పోయింది.

అలాగని పాత చిత్రాల్లో వట్టి పగే ఉందనుకోకండి. 1941 డిసెంబరులో వచ్చిన 'ది నైట్ బిఫోర్ క్రిస్మస్' చూడండి. పండుగ రాత్రి జెర్రీ మంచులోకి బయటపడతాడు. మళ్ళీ లోపలికి రాకుండా టామ్ తలుపు మూసేస్తాడు. వెచ్చటి మంట పక్కన పడుకుంటాడు. కానీ నిద్ర పట్టదు. ఉండబట్టలేక తలుపు తీసి వెతుకుతాడు. చలికి కొయ్యబారిన జెర్రీని ఎత్తుకొచ్చి మంట దగ్గర పెడతాడు. ఆ దృశ్యానికి పెద్దవాళ్ళ గొంతు కూడా పట్టేస్తుంది.

1949లో వచ్చిన 'హెవెన్లీ పస్' ఇంకా చిత్రమైంది. టామ్ చచ్చిపోయి స్వర్గం గుమ్మందాకా వెళ్తాడు. అక్కడ మన చిత్రగుప్తుడిలాంటి గుమాస్తా చిట్టా విప్పుతాడు. "జన్మంతా ఆ ఎలుకను ఏడిపించావు. గంటలోగా దానిచేత క్షమించానని సంతకం పెట్టించుకురా, లేదంటే నరకమే" అని కాగితం ఇస్తాడు. టామ్ జెర్రీ కాళ్ళావేళ్ళా పడే తీరు చూసి పొట్ట చెక్కలవుతుంది. చివరికి అదంతా కల. మెలకువ వచ్చాక టామ్ చేసే మొదటి పని జెర్రీని పట్టుకుని ముద్దులు కురిపించడం!

ఒకే ఇంట్లో ఉంటూ, పొద్దస్తమానం గొడవపడుతూ, ఒకరు లేకపోతే ఒకరికి తోచని మనుషులు మనకు తెలియనివాళ్ళా? అక్కాతమ్ముళ్ళు, తోటికోడళ్ళు, అంతెందుకు... మీరూ, మీవారూ! నాలుగు రోజులు పుట్టింటికెళ్తే ఇల్లు బోసిపోయిందని ఫోన్ చేసేది ఎవరు?

బల్లలు ఎదురెదురుగా... అరవై ఏళ్ళు

1940 నుంచి 1958దాకా హానా, బార్బెరాలు 114 టామ్ అండ్ జెర్రీ చిత్రాలు తీశారు. 13 సార్లు ఆస్కార్ పోటీలో నిలిచి 7 సార్లు గెలిచారు. ఆ బహుమతులు అందుకున్నది మాత్రం నిర్మాత ఫ్రెడ్ క్వింబీ. ఇంతచేసినా 1957లో కంపెనీ కార్టూన్ విభాగాన్నే మూసేసింది. పాత చిత్రాలు మళ్ళీ వేసినా డబ్బులొస్తున్నప్పుడు కొత్తవి తియ్యడమెందుకన్నది వాళ్ళ లెక్క. నలభై ఆరేళ్ళ వయసులో ఇద్దరికీ ఉద్యోగం పోయింది.

వాళ్ళు కుంగిపోలేదు. ఇద్దరూ కలిసి సొంత సంస్థ పెట్టుకున్నారు. అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్న టీవీకి కార్టూన్లు తియ్యడం మొదలుపెట్టారు. ది ఫ్లింట్‌స్టోన్స్, యోగీ బేర్, స్కూబీ డూ... అన్నీ వాళ్ళ చలవే. హానాకు అడవులూ ఆరుబయలూ ఇష్టం, బార్బెరాకు పట్నం హంగులు ఇష్టం. స్వభావాలు ఉత్తరం, దక్షిణం. అయినా అరవై ఏళ్ళు కలిసి పనిచేశారు. హానా 2001లోనూ, బార్బెరా 2006లోనూ కన్నుమూశారు. 2005లో, 94 ఏళ్ళ వయసులో కూడా బార్బెరా మరో టామ్ అండ్ జెర్రీ చిత్రానికి దర్శకత్వంలో పాలుపంచుకున్నాడంటే ఆ బొమ్మలమీద మమకారం ఎంతటిదో చూడండి.

ఇంటిల్లిపాదీ చూడదగ్గ అయిదు

మౌస్ ట్రబుల్, 1944: ఎలుకల్ని పట్టడమెలా అన్న పుస్తకం పోస్టులో తెప్పించుకుంటాడు టామ్. అందులో రాసిందొకటి, జరిగేదొకటి. పుస్తకం చూసి మైసూర్‌పాక్ చేసి, చివరికి సుత్తితో పగలగొట్టినవాళ్ళకు బాగా అర్థమవుతుంది!

క్వయట్ ప్లీజ్, 1945: బుల్‌డాగ్ నిద్రపోతున్నాడు. చప్పుడైతే టామ్ వీపు విమానం మోతే. చప్పుడు చెయ్యడమే జెర్రీ పని. చంటిపిల్లను జోకొట్టి పడుకోబెట్టిన ప్రతి తల్లికీ అంకితం.

ది క్యాట్ కాన్సర్టో, 1947: టామ్ కచేరీలో పియానో వాయిస్తుంటాడు. పియానో లోపల జెర్రీ నిద్రపోతుంటాడు. లిస్ట్ అనే విద్వాంసుడి ప్రసిద్ధ స్వరరచన చుట్టూ అల్లిన కథ. సంగీతం నేర్చుకునే పిల్లలకు తప్పక చూపించండి.

ది లిటిల్ ఆర్ఫన్, 1949: ఎప్పుడూ ఆకలి ఆకలి అనే బుల్లి ఎలుక చుట్టమై వస్తుంది. పండుగ భోజనాల బల్లమీద అది చేసే వీరంగం చూడాలి. అన్నం వద్దని మారాంచేసే పిల్లలకు మంచి మందు!

జోహాన్ మౌస్, 1953: వియన్నాలో జోహాన్ స్ట్రాస్ ఇంట్లో ఉండే ఎలుకకు ఆయన వాయిస్తే చాలు, కాళ్ళు ఆగవు. దాన్ని బయటికి రప్పించడానికి టామ్ ఏకంగా పియానో నేర్చుకుంటాడు. చివరికి ఇద్దరూ చక్రవర్తి ముందు ప్రదర్శన ఇస్తారు.

ఈ అయిదూ ఆస్కార్లకు వెళ్ళినవే. ఒక్క 1945 చిత్రమేమిటి, అయిదుకు అయిదూ బహుమతి తెచ్చుకున్నవే!

ఇక ఆఖరి మాట. ఇన్నేళ్ళూ ముందుగదిలో నవ్వులు వినిపించినప్పుడల్లా మీరు ఎక్కడున్నారు? వంటింట్లోంచి "ఏమిట్రా అంత నవ్వు?" అని అడుగుతూ ఉండి ఉంటారు. "నువ్వు చూడాలమ్మా" అని వాళ్ళంటే "ఇదిగో వస్తున్నా" అన్నారు. మీరు చేతులు తుడుచుకుని వచ్చేసరికి బొమ్మ అయిపోయింది. ఆ ఇంట్లో ముఖం కనిపించని ఆవిడలాగే మన ఇంటి నవ్వుల ఫోటోలో మనమూ ఉండం!

ఈసారి అలా కాకూడదు. ఏడంటే ఏడే నిమిషాలు. పొయ్యి కట్టేయండి, కత్తిపీట మూలన పెట్టండి. మీ అత్తగారి పక్కన, మీ చిన్నాణ్ణి ఒళ్ళో పెట్టుకుని చాపమీద కూర్చోండి. ఫోన్లో వాడొక్కడూ చూసుకునే బొమ్మ వేరు, నలుగురూ కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నవ్వే బొమ్మ వేరు. రేపు వాడు పెద్దవాడై ఏ దూరదేశంలోనో ఉన్నప్పుడు టామ్ గోడకు గుద్దుకోవడం కనిపిస్తే, వాడికి గుర్తుకు రావలసింది పిల్లీ ఎలుకా కాదు... పక్కన కూర్చుని నవ్విన అమ్మ!

కూరంటారా? ఏడు నిమిషాలు ఆలస్యమైతే ఏమీ మునిగిపోదు లెండి!